గుండె మందుకు తొలి మజిలీ



ఇవాళ గుండె గురించి మాట్లాడుకుందాం. గుండెతోపాటు పేగుల గురించి కూడా. గుండె ఎక్కడ, పేగులెక్కడ, ఈ రెంటికీ పొత్తేమిటని మీకు అనిపించవచ్చు. ఒక్క క్షణం ఆలోచించండి. గుండె కోసమని మనం మాత్ర వేసుకుంటాం. కషాయం తాగుతాం. వేరు నములుతాం, పొడి కలుపుకుంటాం. నాలుక కింద పెట్టుకునే మాత్ర సంగతి వేరు. అది అక్కడే కరిగి రక్తంలోకి పోతుంది. మింగినవి మాత్రం నేరుగా గుండెకు పోవు. ముందు పొట్టలోకి, అక్కడి నుంచి పేగుల్లోకి పోతాయి.

ఆ పేగుల్లో మనం ఒంటరిగా లేం. కంటికి ఆనని సూక్ష్మజీవులు కోటానుకోట్లు అక్కడ కాపురం ఉంటున్నాయి. పెద్దపేగులో మరీ ఎక్కువ. మనం అరిగించుకోలేని పీచును అవి అరిగిస్తాయి. మనకు కావలసిన కొన్ని విటమిన్లు తయారుచేస్తాయి. మనం వేసుకునే మందుల్లో కొన్నింటిని కూడా అవి ముట్టుకుంటాయి. అన్నింటినీ కాదు, కొన్నింటిని. ముట్టుకున్నవాటిలో కొన్నింటికి బలం పెంచుతాయి. కొన్నింటిని చచ్చుపరుస్తాయి. ఇంకొన్నింటిని పూర్తిగా వేరే పదార్థంగా మార్చేస్తాయి.

ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. దాన్ని ముందే చెబుతాను. మందు చెట్టు నుంచి వచ్చినా, ఫ్యాక్టరీ నుంచి వచ్చినా, అది చేసే మేలూ కీడూ మూడింటిని బట్టి ఉంటాయి. ఒకటి మందు. రెండు మనిషి. మూడు ఆ మనిషి పేగుల్లో ఉన్న సూక్ష్మజీవులు. మందు, మనిషి, పేగుల్లోని జీవులు. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి.

ఇంగ్లండులో పద్దెనిమిదో శతాబ్దంలో విలియం విథరింగ్ అనే వైద్యుడు ఉండేవాడు. మొక్కల శాస్త్రంలోనూ ఆరితేరినవాడు. 1775లో ఆయన దగ్గరికి ఒక నాటుమందు కబురు వచ్చింది. ష్రాప్‌షైర్ అనే ప్రాంతంలో ఒక ముసలమ్మ ఏళ్ల తరబడి గుట్టుగా దాచుకున్న మందు అది. ఒళ్లంతా నీరుపట్టి, కాళ్లు ఉబ్బి, ఆయాసంతో పడుకోలేక కూర్చునే తెల్లవార్చే రోగులకు ఆమె ఇచ్చేది. చదువుకున్న వైద్యులు చేతులెత్తేసిన వాళ్లలో కూడా కొందరు దాంతో కోలుకున్నారు.

ఆ మందులో ఇరవైకి పైగా మూలికలు ఉన్నాయి. విథరింగ్ వాటిని ఒక్కొక్కటే చూశాడు. మొక్కలు తెలిసినవాడు కనుక అసలు పనిచేస్తున్నది ఒక్కటేనని పసిగట్టాడు. ఫాక్స్‌గ్లోవ్ అనే మొక్క ఆకు అది. గంటల్లా వేలాడే ఊదారంగు పూలు పూస్తుంది. శాస్త్రంలో దాని పేరు డిజిటాలిస్.

విథరింగ్ అక్కడితో ఆగలేదు. దాదాపు పదేళ్లు రోగుల మీద పరిశీలించాడు. ఆకు ఏ కాలంలో కోయాలి, ఎంత పొడి ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి, అన్నీ రాసుకున్నాడు. నయమైన వాళ్ల వివరాలు రాశాడు. నయం కాని వాళ్లవీ దాచకుండా రాశాడు. మోతాదు మించితే ఏమవుతుందో కూడా రాశాడు. వాంతులవుతాయి, చూసినదల్లా పచ్చగా, పసుపుగా కనిపిస్తుంది, నాడి మందగిస్తుంది, ప్రాణమే పోవచ్చు. ఆ అనుభవమంతా 1785లో పుస్తకంగా వేశాడు.

ఆ జాతి మొక్క నుంచే 1930లో డిజాక్సిన్ అనే మందును వేరుచేశారు. ఇవాళ్టికీ గుండె నీరసించిన కొందరికీ, గుండె లయ తప్పిన కొందరికీ డాక్టర్లు ఆ మాత్ర రాస్తారు. మీలో కొందరి ఇళ్లలో అది ఉండే ఉంటుంది. చాలామంది దాన్ని ఇంగ్లీషు మందు అనుకుంటారు. అది ఒక ఆకు నుంచి పుట్టింది. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్రల కథా అలాంటిదే. జపాన్‌లో అకిరా ఎండో అనే శాస్త్రవేత్త 1970లలో బూజు నుంచి మొదటి స్టాటిన్‌ను వేరుచేశాడు. బీపీకి ఒకప్పుడు ప్రపంచమంతా వాడిన రిసర్పిన్ మన సర్పగంధ వేరు నుంచి వచ్చింది. కనుక ప్రకృతి మందు ఒక పక్క, డాక్టరు మందు మరో పక్క అని గీత గీయడం కుదరదు. మన గుండె మందుల్లో చాలావాటికి పుట్టిల్లు ప్రకృతే.

ప్రకృతిలో పుట్టింది కదా, ఏం కాదులే అనుకోవడమూ కుదరదు. మన పెరళ్లలో గన్నేరు ఉంటుంది. అది విషమని పిల్లల్ని దాని దగ్గరికి పోనివ్వం. గన్నేరులో ఉన్నదీ, ఫాక్స్‌గ్లోవ్ ఆకులో ఉన్నదీ ఒకే కోవకు చెందిన పదార్థాలు. రెండూ గుండె కొట్టుకునే తీరునే మార్చేస్తాయి. కొలత తెలిసిన చేతిలో మందు, కొలత తెలియని చోట విషం.

ఇప్పుడు ఆ డిజాక్సిన్ మాత్ర వెంట పేగుల్లోకి పోదాం.

డిజాక్సిన్ చాలా సున్నితమైన మందు. కొంచెం తక్కువైతే పనిచేయదు. కొంచెం ఎక్కువైతే ప్రమాదం. అయితే కొందరు రోగుల్లో ఒక వింత కనిపించేది. అందరికీ సరిపోయే మోతాదు వాళ్లకు చాలేది కాదు. మాత్ర క్రమంగా వేసుకుంటున్నా రక్తంలో మందు తక్కువగా ఉండేది. అలాంటి వాళ్లు సుమారు పదిమందిలో ఒకరు.

న్యూయార్క్‌లో జాన్ లిండెన్‌బామ్ అనే వైద్యుడు, ఆయన తోటివాళ్లు దీని వెంటపడ్డారు. 1981లో జవాబు అచ్చయింది. ఆ మందును తినేస్తున్నది పేగుల్లోని బ్యాక్టీరియా! అవి డిజాక్సిన్‌ను గుండె మీద పనిచేయని రూపంలోకి మార్చేస్తున్నాయి. వాళ్లు మరో పరీక్ష చేశారు. అలాంటి వాళ్లకు కొద్దిరోజులు యాంటీబయాటిక్ ఇచ్చారు. పేగుల్లోని బ్యాక్టీరియా దెబ్బతింది. మాత్ర మోతాదు మారలేదు. అయినా రక్తంలో డిజాక్సిన్ పెరిగింది. కొందరిలో రెట్టింపు దాకా పెరిగింది.

ఈ మాట మళ్లీ చెబుతాను, ఎందుకంటే ఇది ప్రాణం మీది సంగతి. గుండె మాత్ర అదే. మోతాదు అదే. మధ్యలో దగ్గుకో జ్వరానికో ఓ యాంటీబయాటిక్ వేసుకున్నారు. పేగుల్లోని బ్యాక్టీరియా పోయింది. గుండె మందు ఒంట్లో పెరిగిపోయింది. అందుకే డిజాక్సిన్ వాడేవాళ్లు మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ కొనుక్కోకూడదు. కొత్తగా ఏ మందు రాసే డాక్టరుకైనా నేను డిజాక్సిన్ వాడుతున్నానండీ అని ముందే చెప్పాలి. అకస్మాత్తుగా ఆకలి చచ్చిపోయి, వాంతులై, చూపు పసుపుపచ్చగా మారితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈ కథలో మన దక్షిణాది వాళ్లకూ చోటుంది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి చెందిన డాక్టర్ వి.ఐ. మాథన్, ఆ న్యూయార్క్ వైద్యులు కలిసి ఒక అధ్యయనం చేశారు. 1989లో అది అచ్చయింది. న్యూయార్క్ వాళ్లకూ, దక్షిణ భారతదేశం వాళ్లకూ డిజాక్సిన్ ఇచ్చి, ఎవరి పేగులు దాన్ని మారుస్తున్నాయో చూశారు. న్యూయార్క్‌లో నూటికి 36 మందిలో ఎంతో కొంత ఆ మార్పు కనిపించింది. మన దక్షిణాదిలో నూటికి 14 మందిలోనే. మన వాళ్లలోనూ పల్లెవాళ్లకూ పట్నంవాళ్లకూ తేడా ఉంది. పట్నంలో ఎక్కువ, పల్లెలో తక్కువ.

అంటే ఏమిటి? ఉండే ఊరు, తినే తిండి, బతికే తీరు మారితే పేగుల్లోని జీవులూ మారతాయి. అవి మారితే మందు పనితీరూ మారుతుంది. అవే పాలు నాలుగిళ్లలో తోడుపెడితే నాలుగు రకాల పెరుగు అవుతుంది కదా. పాలు ఒక్కటే, తోడు వేరు. మందూ అంతే. మందు ఒక్కటే, పేగుల్లోని తోడు వేరు.

ఆ పనిచేసే బ్యాక్టీరియా పేరు ఎగర్తెల్లా లెంటా. 2013లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పీటర్ టర్న్‌బా బృందం ఇంకో అడుగు వేసింది. ఎగర్తెల్లా ఉన్న ప్రతివారిలోనూ మందు పాడవదు. దానిలోని కొన్ని రకాలకే డిజాక్సిన్‌ను చచ్చుపరిచే జన్యువులు ఉన్నాయి. ఎలుకలకు మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న తిండి పెడితే, ఆ బ్యాక్టీరియా డిజాక్సిన్ జోలికి పెద్దగా పోలేదు. అంటే ఆ ఎలుకల్లో మందు బలాన్ని తిండి కూడా మార్చింది. మనుషులకు ఏ తిండి ఎంత అన్నది ఇంకా సరిగా తేలలేదు. కనుక దీన్ని ఇంట్లో ప్రయోగం చేయవద్దు.

ఇక్కడ బ్యాక్టీరియా మందు బలాన్ని తగ్గించింది. బలాన్ని పెంచే ఉదాహరణ ఒకటి చూద్దాం. అది మనందరికీ తెలిసిన వేరు. అతిమధురం.

గొంతు బొంగురుపోతే అతిమధురం ముక్క బుగ్గన పెట్టుకుంటాం. దగ్గు కషాయాల్లో వేస్తాం. పాటలు పాడేవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు దగ్గర ఉంచుకుంటారు. ఎప్పుడో ఒకసారి ఓ ముక్క నమిలితే మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లకు భయం లేదు. రోజూ, వారాల తరబడి, ఎక్కువెక్కువగా వాడితే కథ వేరు.

అతిమధురంలో గ్లిసిరైజిన్ అనే తీపి పదార్థం ఉంది. పేగుల్లోని బ్యాక్టీరియా దాన్ని విడగొట్టి వేరే ఆమ్లంగా మారుస్తాయి. ఆ మారిన రూపమే రక్తంలోకి పోతుంది. సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకలకు గ్లిసిరైజిన్ పెడితే, ఆ రూపం వాటి రక్తంలో కనిపించలేదు. కనుక దీన్ని తయారుచేస్తున్నది మన పేగుల్లోని జీవులే.

అది ఏం చేస్తుంది? ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెడుతుంది. పొటాషియాన్ని మూత్రంలో పంపించేస్తుంది. బీపీ పెరుగుతుంది. పొటాషియం తగ్గితే గుండె లయ తప్పుతుంది. అమెరికాలో ఒకతను అతిమధురం మిఠాయి రోజుకు ప్యాకెట్టుకు పైగా కొన్ని వారాలపాటు తిన్నాడు. పొటాషియం పడిపోయి, గుండె ఆగి చనిపోయాడు. 2020లో వైద్య పత్రికలో ఆ కేసు అచ్చయింది. తిన్నది మిఠాయి! విషమూ కాదు, మందూ కాదు.

ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న పెద్దవాళ్లను తలుచుకోండి. బీపీ ఉంటుంది. కాళ్లవాపు తగ్గడానికి నీళ్ల మాత్ర వేసుకుంటూ ఉంటారు. నీళ్ల మాత్రల్లో చాలావాటికి పొటాషియం తగ్గించే గుణం ఉంది. డిజాక్సిన్ కూడా వాడుతూ ఉండవచ్చు. పొటాషియం తగ్గితే డిజాక్సిన్ విషంగా మారే ముప్పు పెరుగుతుంది. వీటికి తోడు దగ్గని రోజూ అతిమధురం కషాయం. ఒక్కొక్కటి విడిగా చూస్తే తప్పులేదు. కలిస్తే ప్రమాదం. మందు, మనిషి, పేగుల్లోని జీవులు. మూడూ కలిసి చూడాలంటున్నది ఇందుకే.

మేలు చేసే వైపు కూడా చూద్దాం. మాను పసుపు పేరు వినే ఉంటారు. ఆయుర్వేదంలో దారుహరిద్ర అంటారు. విరిస్తే లోపల పచ్చగా ఉంటుంది. నాలుకకు చేదు. ఆ పసుపు రంగు పదార్థం బెర్బెరిన్. చైనాలో అదే పదార్థం ఉన్న వేరును విరేచనాలకు తరాలుగా వాడుతున్నారు.

2004లో చైనా శాస్త్రవేత్తలు ఒక చిన్న పరీక్ష ఫలితం ప్రకటించారు. కొలెస్టరాల్ ఎక్కువున్న వాళ్లకు మూడు నెలలు బెర్బెరిన్ ఇచ్చారు. చెడు కొలెస్టరాల్ సుమారు పావువంతు తగ్గింది. అయితే ఒక చిక్కుముడి మిగిలింది. నోటితో మింగిన బెర్బెరిన్ రక్తంలోకి చేరేది చాలా స్వల్పం. నూటికి ఒక వంతు కూడా ఉండదు. ఒంట్లోకే చేరని మందు కొలెస్టరాల్‌ను ఎలా తగ్గించింది?

జవాబు మళ్లీ పేగుల్లోనే దొరికింది. 2015లో చైనా పరిశోధకులే చూపించారు. పేగుల్లోని బ్యాక్టీరియా బెర్బెరిన్ రూపం మారుస్తాయి. మారిన రూపాన్ని పేగు గోడ సులువుగా పీల్చుకుంటుంది. లోపలికి పోయాక అది మళ్లీ బెర్బెరిన్ అవుతుంది. గడప దాటించేది బ్యాక్టీరియా. వాటి సాయం లేకపోతే లోపలికి పోయే ఆ కాస్త మందు ఇంకా తగ్గిపోతుంది.

ఇది విని రేపే మాను పసుపు పొడి కొనుక్కోవద్దు. ఎందుకో చెబుతాను. కొలెస్టరాల్ తగ్గడం ఒకటి, గుండెపోటు తగ్గడం ఒకటి. స్టాటిన్ మాత్రలు గుండెపోట్లను తగ్గిస్తాయని వేలమంది మీద, ఏళ్ల తరబడి చూసి రుజువు చేశారు. బెర్బెరిన్‌కు ఆ రుజువు లేదు. పైగా కొన్ని మందులను కాలేయం అరగగొట్టే పనికి బెర్బెరిన్ అడ్డం పడుతుంది. అప్పుడు ఆ మందులు ఒంట్లో పేరుకుపోతాయి. గర్భిణులు, పసిపిల్లలు దాని జోలికే పోకూడదు. మందు మంచిదే కావచ్చు, ఎవరికి, ఎంత, దేనితో కలిపి అన్నది తేలాలి.

ఇంతవరకూ మందును బ్యాక్టీరియా ఏం చేస్తుందో చూశాం. ఇప్పుడు తిండిని ఏం చేస్తుందో చూద్దాం.

అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ అనే పెద్ద ఆసుపత్రి ఉంది. అక్కడ స్టాన్లీ హేజెన్ బృందం 2011లో ఒక కొత్త సంగతి బయటపెట్టింది. వేటమాంసంలోనూ గుడ్డుసొనలోనూ ఉండే కొన్ని పదార్థాలను పేగుల్లోని బ్యాక్టీరియా ఒక వాయువుగా మారుస్తుంది. కుళ్లిన చేప వాసన వచ్చే వాయువు అది. కాలేయం దాన్ని పట్టుకుని మరో పదార్థంగా మారుస్తుంది. దాన్ని పొట్టిగా టీఎంఏఓ అంటారు. తర్వాత 2013లో, నాలుగు వేలమందికి పైగా రోగులను మూడేళ్లు గమనించి వాళ్లు ఒక మాట చెప్పారు. రక్తంలో టీఎంఏఓ ఎక్కువగా ఉన్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా వచ్చాయి.

వాళ్లు చేసిన ఒక పరీక్ష నాకు మరీ ఆసక్తిగా అనిపిస్తుంది. ఏళ్ల తరబడి మాంసం, గుడ్డు, పాలు ఏవీ ముట్టని ఒక వ్యక్తిని ఒప్పించి మాంసం ముక్క తినిపించారు. రోజూ మాంసం తినేవాళ్లకూ అదే ముక్క పెట్టారు. అలవాటున్న వాళ్ల రక్తంలో టీఎంఏఓ పెరిగింది. అలవాటు లేని ఆ వ్యక్తిలో దాదాపు పెరగలేదు. మాంసం అదే. ఆ పని చేయగల బ్యాక్టీరియా అతని పేగుల్లో పెరగలేదు, అంతే తేడా. రోజూ ఏది తింటామో, దాన్ని తినే జీవులనే మనం లోపల పెంచుతున్నామన్నమాట.

ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పకూడదు. సముద్రపు చేపల్లో టీఎంఏఓ స్వతహాగానే ఉంది. అయినా చేపలు తినేవాళ్లకు గుండెజబ్బు ఎక్కువ అని తేలలేదు. కనుక టీఎంఏఓ ఒక్కటే దోషి అనలేం. అది కారణమా, గుర్తు మాత్రమేనా అని శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. కానీ ఒక కొత్త దారి మాత్రం తెరుచుకుంది. 2015లో ఆ బృందమే ఎలుకల మీద ఒక పదార్థాన్ని వాడి చూసింది. కొన్ని రకాల ఆలివ్ నూనెలోనూ ద్రాక్ష సారాలోనూ అది కాస్త ఉంటుంది. అది బ్యాక్టీరియాను చంపదు. ఆ వాయువును తయారుచేసే పనిని మాత్రం ఆపుతుంది. ఆ ఎలుకల రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడం తగ్గింది. రేపటి గుండె మందుల్లో కొన్ని మన ఒంటికి కాకుండా, మన పేగుల్లోని జీవులకు వేసే మందులు కావచ్చు. ఇది నాకు ఎంతో ఆశ కలిగించే సంగతి. సారా తాగమని మాత్రం దీని అర్థం కాదు.

ఇక మన చెట్టు దగ్గరికి వద్దాం. తెల్లమద్ది. సంస్కృతంలో అర్జున వృక్షం. ఏటి గట్ల మీద, వాగుల పక్కన తెల్లని నున్నని మానుతో నిలబడి ఉంటుంది. జంగారెడ్డిగూడెం దగ్గర గురవాయిగూడెంలో ఆంజనేయస్వామి కొలువైంది ఈ మద్దిచెట్టు దగ్గరే. అందుకే ఆయన మద్ది ఆంజనేయస్వామి. దసలిపట్టు పురుగులను కూడా మద్ది ఆకు మీద పెంచుతారు.

తెల్లమద్ది బెరడును గుండెజబ్బుకు వాడడం ఆయుర్వేదంలో శతాబ్దాలుగా ఉంది. బెరడు పొడిని పాలూ నీళ్లూ కలిపి, నీరంతా ఇగిరిపోయేదాకా కాచి ఇస్తారు. ఆ బెరడులో వగరు పదార్థాలు ఎక్కువ. దానిమ్మలోనూ కరక్కాయలోనూ ఆ కోవవే ఉన్నాయి. ఈ వగరు పదార్థాలు ఉన్నవి ఉన్నట్టుగా రక్తంలోకి పెద్దగా పోవు. పేగుల్లోని కొన్ని బ్యాక్టీరియాలు వాటిని చిన్న ముక్కలుగా చేస్తాయి. ఆ ముక్కల పేరు యురోలిథిన్లు. అవి రక్తంలోకి పోతాయి. వాటికి వాపును తగ్గించే గుణం ఉందని ప్రయోగశాలల్లో చూశారు. కానీ యురోలిథిన్లు అందరి పేగులూ తయారుచేయలేవు. కొందరు తయారుచేస్తారు, కొందరు అసలు చేయలేరు. ఒకే దానిమ్మ తిన్నా, ఒకే కషాయం తాగినా, ఇద్దరి రక్తంలోకి చేరేది ఒకటి కాదు.

మరి తెల్లమద్ది గుండెకు మేలు చేస్తుందా? ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యులు దాన్ని పద్ధతిగా పరీక్షించారు. గుండె నీరసించిన రోగులకు మామూలు మందులు ఇస్తూనే, కొందరికి తెల్లమద్ది సారం, కొందరికి ఉత్తుత్తి మందు పన్నెండు వారాలు ఇచ్చారు. 2016లో ఫలితం వచ్చింది. గుండె రక్తాన్ని నెట్టే బలం పెరగలేదు. కొందరికి అలసట వంటి బాధలు కొంత తగ్గినట్టు కనిపించింది. అంటే కొట్టిపారేయడానికీ లేదు, నెత్తిన పెట్టుకోవడానికీ లేదు. ఇంకా పెద్ద పరీక్షలు జరగాలి. అలా పరీక్షించేటప్పుడు రోగి పేగుల్లోని జీవులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎవరికి పనిచేస్తుంది, ఎవరికి చేయదు అన్నది అప్పుడే తేలుతుంది. పరీక్షకు నిలబెట్టడం మన వైద్యాన్ని అవమానించడం కాదు. విథరింగ్ ఆ ముసలమ్మ మందును పరీక్షకు నిలబెట్టాడు కనుకే అది ప్రపంచానికి దక్కింది.

మరి మనం ఇవాళ ఏం చేయగలం? పేగుల్లోని మంచి జీవులకు మంచి తిండి పెట్టగలం. వాటికి ఇష్టమైన తిండి పీచు. పీచును పులియబెట్టి అవి కొన్ని ఆమ్లాలను తయారుచేస్తాయి. ఆ ఆమ్లాలు పేగు గోడను కాపాడతాయి, బీపీని అదుపులో ఉంచడానికీ సాయపడుతున్నట్టు పరిశోధనలు చెబుతున్నాయి. ఈ పీచు కోసం సీసాలు కొననక్కరలేదు. జొన్నరొట్టెలో ఉంది. రాగిసంగటిలో ఉంది. కందిపప్పు, పెసలు, ఉలవల్లో ఉంది. తోటకూరలో, గోరుచిక్కుడులో, జామపండులో ఉంది. మన పెద్దలు తిన్న చద్దన్నం, తరవాణి, మజ్జిగ కూడా సూక్ష్మజీవులు చేయి వేసిన తిండే. ఇవి గుండెజబ్బును నయం చేస్తాయని నేను అనడం లేదు. మందుకు బదులూ కావు. రోజూ తినే మంచి తిండి, అంతే.

రెండు జాగ్రత్తలు చెబుతాను. ఒకటి ఉప్పు. ఆవకాయ, అప్పడం, వడియం, ఊరమిరప. మన కంచంలోకి ఉప్పు వీటి రూపంలోనూ దూరుతుంది. రోజుకు ఒక మనిషికి అన్నీ కలిపి 5 గ్రాముల లోపే ఉప్పు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక చిన్న చెంచా. రెండో జాగ్రత్త రక్తం పలచన చేసే మందు వాడేవాళ్లకు. గుండెలో కవాటం మార్పించుకున్న వాళ్లు ఇలాంటి మందులు వాడుతుంటారు. వాటిలో కొన్నింటి బలాన్ని ఆకుకూరలు తగ్గిస్తాయి. మానేయనక్కరలేదు. ఒకవారం అసలు తినకుండా, ఒకవారం విపరీతంగా తినకుండా, ఎప్పుడూ ఒకే తీరుగా తినాలి. మీ డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి.

శ్రోతలారా, చివరిగా నా మనవి. ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఏమేం మందులు వాడుతున్నారని డాక్టరు అడుగుతారు. మనం మాత్రల పేర్లు చెబుతాం. కషాయం చెప్పం. చూర్ణం చెప్పం. బంధువులు తెచ్చిచ్చిన పొడి అసలే చెప్పం. తిడతారేమోనని భయం, లేకపోతే అది మందే కాదనే నమ్మకం. ఇకమీదట అలా దాచవద్దు. మీ పేగుల్లోని జీవులకు ఆ తేడా తెలియదు. వాటికి మాత్రా ఒకటే, కషాయమూ ఒకటే. డాక్టర్లకూ ఒక మనవి. మూలిక పేరు వినగానే కసురుకోకండి. కసిరితే రోగి మందు మానడు, చెప్పడం మానేస్తాడు.

అందుకని ఇవాళే ఒక కాగితం తీసుకోండి. ఇంట్లో గుండెజబ్బో బీపీయో ఉన్నవాళ్లు వేసుకునే ప్రతిదీ దాని మీద రాయండి. మాత్రలు, కషాయాలు, చూర్ణాలు, వేర్లు, ఈమధ్య వాడిన యాంటీబయాటిక్‌లు. ఏదీ వదలవద్దు. ఆ కాగితాన్ని అల్లోపతి డాక్టరుకూ చూపించండి, ఆయుర్వేద వైద్యుడికీ చూపించండి. ఎవరినీ అడగకుండా గుండె మాత్రలు ఆపవద్దు. ఎవరినీ అడగకుండా కొత్త మూలిక మొదలుపెట్టవద్దు. ఛాతీలో నొప్పి, చెమటలు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి వస్తే కషాయం కాచుకుంటూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

మందు, మనిషి, పేగుల్లోని జీవులు. ఈ మూడింటినీ కలిపి చూడగలిగిన రోజున, మన మూలికలకు దక్కాల్సిన గౌరవమూ దక్కుతుంది, మన గుండెలకు దక్కాల్సిన వైద్యమూ దక్కుతుంది. ఆ పని శాస్త్రవేత్తలు ప్రయోగశాలల్లో చేస్తున్నారు. మీరు చేయాల్సిన భాగం ఆ కాగితంతో మొదలవుతుంది.